నరకవలసిన అశ్వత్థము, నిలుపవలసిన అశ్వత్థము



సోమవారముతో అమావాస్య కలిసి వచ్చిన పుణ్యదినమున తెలుగునాట ఏ గ్రామదేవాలయ ప్రాంగణమునకు వెళ్ళినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. తెల్లవారకముందే స్నానం చేసిన స్త్రీలు రావిచెట్టు చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తూ ఉంటారు. కాండమునకు పసుపు పూసి, కుంకుమ దిద్ది, నూలుదారం చుట్టి, మూలమున దీపం పెడతారు. చెట్టు నీడలోని నాగశిలలకు పాలు పోస్తారు. ఈ దృశ్యమును చూచినవాడు ఈ జాతికి వృక్షము దైవమని నిస్సందేహంగా చెప్పగలడు.

అదే గ్రామంలో కొన్ని నెలల తరువాత గుడి ముందు కొత్త మండపం కట్టవలసి వస్తుంది. లేదా పక్కనున్న స్థలమునకు విలువ పెరుగుతుంది. అప్పుడు ఆ చెట్టు 'అడ్డు' అవుతుంది. కొబ్బరికాయ కొట్టి, క్షమాపణ చెప్పి, కొమ్మలు నరికిస్తారు, పిదప మొదలు. నిన్న ప్రదక్షిణ చేసినవారే నేడు దూరంగా నిలుచుండి చూస్తారు. ఇందులో ఎవరికీ ద్వేషం లేదు, నాస్తికత్వం లేదు. ఉన్నది కేవలం ఒక వైరుధ్యం. పూజ ఒక దారిన, జీవితం మరొక దారిన నడుస్తున్నవి. ఈ వైరుధ్యమునకు మూలం భక్తి లేకపోవడం కాదు, శాస్త్రం ఏ అశ్వత్థమును నరకమన్నదో, ఏ అశ్వత్థమును నిలుపమన్నదో వివేచించకపోవడం.

క్షీరవృక్షముల కుటుంబం

రావి, మర్రి, మేడి, జువ్వి — ఈ నాలుగు వృక్షములను సంస్కృతంలో క్రమంగా అశ్వత్థము, న్యగ్రోధము, ఉదుంబరము, ప్లక్షము అంటారు. ఆకు తుంచినా, బెరడు గాటుపెట్టినా పాలు స్రవించే ఈ చెట్లను ప్రాచీనులు క్షీరవృక్షములని ఒక వర్గముగా గుర్తించారు. ఆధునిక వృక్షశాస్త్రం కూడా ఈ నాలుగింటిని 'ఫైకస్' అనే ఒకే ప్రజాతిలో చేర్చినది. ఉష్ణమండల దేశములలో ప్రధానంగా వ్యాపించిన ఈ ప్రజాతిలో సుమారు 850 జాతులు ఉన్నవి. యంత్రపరికరములు లేని కాలమున కేవలం సూక్ష్మదృష్టితో చేసిన వర్గీకరణ, నేటి వర్గీకరణ ఇంత దగ్గరగా రావడం ఆ ఋషుల నిశితపరిశీలనకు నిదర్శనం.

ఈ చెట్లలో మరొక విశేషం కూడా వారి దృష్టిని ఆకర్షించినది. వీటికి పువ్వు కనిపించదు, ఫలం మాత్రం కనిపిస్తుంది. అందుచేతనే ధర్మశాస్త్రకారులు పుష్పం కానరాకుండానే ఫలించే వృక్షములకు 'వనస్పతి' అని ప్రత్యేకనామం ఇచ్చారు. నిజమునకు పుష్పములు లేకపోలేదు. ఫలమని లోకం భావించే ఆ గుండ్రని కోశము లోపల వందలాది సూక్ష్మపుష్పములు అంతర్ముఖంగా వికసిస్తవి. బయటికి ప్రదర్శించక లోపలికి పూచే చెట్టు సాధకునికి ఆదర్శం కాక మరేమి?

యజ్ఞంలో ఈ చెట్ల స్థానం అనన్యం. శమీవృక్షముపై మొలిచిన అశ్వత్థము నుండి అరణి చేయవలెనని శ్రౌతసంప్రదాయం; అగ్ని గుప్తంగా నివసించే స్థానం అదే. ఉపభృత్తు అనే హోమపాత్రను అశ్వత్థ దారువుతో చేస్తారు. నవగ్రహహోమంలో బృహస్పతికి అశ్వత్థసమిధ, శుక్రునికి ఔదుంబరసమిధ విహితములు. దత్తసంప్రదాయంలో ఔదుంబరము గురుసన్నిధికి పర్యాయం. హిరణ్యకశిపుని చీల్చిన నృసింహుని నఖముల తాపమును మేడిఫలములు శమింపజేసినవని గురుచరిత్ర చెబుతున్నది. విష్ణుసహస్రనామములలో న్యగ్రోధ, ఉదుంబర, అశ్వత్థ నామములు మూడూ వరుసగా వస్తవి. జ్యేష్ఠమాసమున వటసావిత్రీవ్రతం ఆచరించే స్త్రీలు మర్రిచెట్టును పూజిస్తారు.

ఆయుర్వేదంలో న్యగ్రోధ, ఉదుంబర, అశ్వత్థ, ప్లక్షముల బెరడులతో గంగరావి బెరడును కలిపి 'పంచవల్కలములు' అంటారు. కషాయరసప్రధానములైన ఈ బెరడుల క్వాథంతో వ్రణములను కడగడం చిరకాల సంప్రదాయం. చరకుడు మూత్రసంగ్రహణీయ గణంలో ఈ నాలుగు క్షీరవృక్షములనూ చేర్చాడు. సుశ్రుతుడు ఒక ఔషధగణమునకు న్యగ్రోధాది గణమనే పేరు పెట్టాడు. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలమును సూచించే వృక్షములను చెబుతూ మేడిని కూడా పరిగణించాడు. ఇక నిత్యజీవితంలో మర్రాకు విస్తళ్ళు, మర్రి ఊడలతో దంతధావనం, మేకలకు రావిమండలు, గ్రామపెద్దలు కూర్చునే రచ్చబండ నీడ. అమరకోశం రావికి 'కుంజరాశన' అనే నామం ఇచ్చినది, ఏనుగులకు ఆహారమని అర్థం. చీమ మొదలు ఏనుగు వరకు ఆశ్రయించే చెట్టుకు దైవత్వం ఆరోపించడం అతిశయోక్తి కాదు, కృతజ్ఞత.

పండు లోపల ఏమున్నది?

మేడిపండును తెలుగువారు తలచుకోగానే వేమన స్ఫురిస్తాడు. పైకి మేలిమిగా కనిపించి లోపల పురుగులు నిండిన పండుగా దానిని పిరికివాని బింకమునకు ఉపమానం చేశాడు ఆ యోగి. నీతిబోధకు ఆ ఉపమానం సరియైనదే. అయితే నానాటికీ ఆ పద్యం నోళ్ళలో నాని, మేడిపండు అంటే కపటమనే అర్థం స్థిరపడినది. యజ్ఞాంగమైన చెట్టుకు ఈ అపకీర్తి న్యాయమా?

అమరకోశంలో ఉదుంబరమునకు చెప్పిన నామములలో రెండు గమనింపదగినవి. ఒకటి 'యజ్ఞాంగ', రెండవది 'జంతుఫల'. ఫలంలో ప్రాణులు ఉన్నవని కోశకారునికి తెలియును. తెలిసియే, ఆ నామమును యజ్ఞాంగనామం పక్కన నిలిపాడు. ఆయనకు ఆ రెండింటి నడుమ విరోధం కనిపించలేదు.

విరోధం లేదని నేటి వృక్షశాస్త్రం కూడా సాక్ష్యమిస్తున్నది. కందిరీగల వర్గమునకు చెందిన, చీమకన్న చిన్నదైన ఒక కీటకం మేడికాయ అగ్రమున ఉన్న సన్నని రంధ్రం గుండా లోపలికి దూరుతుంది. ఆ దారి ఎంత ఇరుకైనదంటే సాధారణంగా దాని రెక్కలు అక్కడే ఊడిపోతవి. లోపలి పుష్పములకు పుప్పొడిని అందించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి, అక్కడనే మరణిస్తుంది. ఆ గుడ్ల నుండి పుట్టిన మగకీటకములకు రెక్కలు ఉండవు. అవి ఫలభిత్తికి రంధ్రం తొలిచి, వెలుపలి లోకమున జీవించకుండానే నశిస్తవి. ఆ రంధ్రం గుండా ఆడకీటకములు పుప్పొడితో వెలుపలికి ఎగిరి మరొక చెట్టును వెదకుకొంటవి. ఆ కీటకం లేనిదే ఆ చెట్టుకు విత్తనం లేదు, ఆ చెట్టు లేనిదే ఆ కీటకమునకు సంతతి లేదు. రావికి వేరు కీటకం, మర్రికి వేరు కీటకం. వేమన చూపిన ఆ 'పురుగులు' పండును పాడుచేసినవి కావు. ఆ వృక్షవంశమును నిలుపుతున్నవి. ఒకరు మరొకరి కొరకు తమను సమర్పించుకొనడమే యజ్ఞమైతే, ప్రతి మేడిపండులోనూ ఒక యజ్ఞం జరుగుతున్నది. జంతుఫలము కనుకనే అది యజ్ఞాంగము.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు కూడా ఒక పండునే పగులగొట్టిస్తాడు. శ్వేతకేతువును మర్రిపండు తెమ్మని, చీల్చమని, లోపల ఏమి కనిపించినదని అడుగుతాడు. అణువుల వంటి గింజలు కనిపించినవని కుమారుడు చెబుతాడు. ఒక గింజను చీల్చమంటాడు తండ్రి. చీల్చిన తరువాత ఏమీ కనిపించలేదని శ్వేతకేతువు చెప్పినప్పుడు, కనిపించని ఆ అణిమ నుండియే ఈ మహావటం నిలిచియున్నదని బోధిస్తాడు. వేమన పండు విప్పి కపటమును చూపాడు, ఉద్దాలకుడు పండు విప్పి సత్తును చూపాడు. పండు ఒకటే, విప్పే ప్రయోజనం వేరు. వృక్షపూజ చేసే భక్తుడు నేర్వవలసినది ఈ రెండవ దృష్టి. చెట్టు చుట్టూ తిరగడంతో పూజ ముగియదు. చెట్టు లోపల ఏమి జరుగుతున్నదో చూచినప్పుడే అది ఉపాసన అవుతుంది.

గీతలోని రెండు అశ్వత్థములు

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. గీత పదునైదవ అధ్యాయంలో భగవానుడు సంసారమును అశ్వత్థముగా వర్ణించి, దృఢమైన అసంగమనే శస్త్రంతో దానిని ఛేదించమన్నాడు కదా. ఛేదింపవలసిన చెట్టును పూజించడం ఎందుకు? అదే భగవానుడు పదవ అధ్యాయంలో వృక్షములలో తాను అశ్వత్థమునన్నాడు. తన విభూతిని తానే నరకమంటాడా?

సమాధానం ఆ వర్ణనలోనే ఉన్నది. పదునైదవ అధ్యాయంలోని చెట్టుకు మూలం పైన, శాఖలు క్రింద. అటువంటి చెట్టు ఏ గుడి ముందునూ మొలవదు. దాని రూపం ఇక్కడ ఆ విధంగా గోచరించదని, దానికి ఆద్యంతములు తెలియవని కూడా అక్కడనే చెప్పబడినది. 'శ్వః' అనగా రేపు. రేపటికి నిలువనిది కనుక అశ్వత్థమని ఆచార్యుల నిర్వచనం. క్షణక్షణమూ మారే ప్రపంచమునకు, చిరుగాలికే కదిలే ఆకులు గల 'చలదళ' వృక్షము ఉపమానమైనది. కర్మబంధంతో క్రిందికి విస్తరించే వేళ్ళను గురించి చదివినప్పుడు మర్రి ఊడలు మనస్సులో మెదలకమానవు: కొమ్మ నుండి దిగి, నేలను తాకి, మరొక కాండముగా మారి, ఆది ఏదో అంతం ఏదో తెలియనీయని ఊడలు. ఒక కోరిక నుండి మరొక కోరిక దిగి పాతుకొనే తీరుకు ఇంతకన్న స్పష్టమైన చిత్రం లేదు.

ఆ చెట్టును నరకవలసిన ఆయుధం గొడ్డలి కాదు, అసంగం. అసంగమంటే పుత్రైషణ, విత్తైషణ, లోకైషణల నుండి లేచిపోవడమని శంకరభగవత్పాదుల వ్యాఖ్యానం. కనుక నరకవలసిన అశ్వత్థము అంతఃకరణంలో ఉన్నది. బయటి అశ్వత్థము భగవద్విభూతి, అది నిలుపవలసినది.

నేటి ఆచరణలో ఈ క్రమం తలక్రిందులైనది. గజం స్థలమునకు పెరిగిన ధర చూచి బయటి చెట్టును నరికినవాడు విత్తైషణ అనే లోపలి చెట్టుకు నీరు పోశాడు. గుడి ముందు తన పేరు చెక్కిన మండపం కొరకు రావిని తొలగించినవాడు లోకైషణకు ఎరువు వేశాడు. నరకవలసినది పెరిగినది, నిలుపవలసినది కూలినది. గీతను నిత్యం పారాయణ చేసే దేశంలో ఇంతకన్న విపరీతార్థం మరొకటి ఉండబోదు.

సంతానం కొరకు, సౌభాగ్యం కొరకు ప్రదక్షిణ చేసే స్త్రీలను ఈ సందర్భంలో ఆక్షేపించడం తగదు. కామ్యకర్మ కూడా శ్రద్ధతో చేస్తే చిత్తశుద్ధికి సోపానం. చెట్టు ముందు చేతులు జోడించి కోరుకొన్నది కనీసం ఆ చెట్టును బ్రతకనిస్తుంది. ప్రమాదమంతా ఏమీ కోరకుండానే చెట్టును లెక్కపెట్టని నిర్లిప్తతలో ఉన్నది. ఆ నిర్లిప్తత వైరాగ్యం కాదు.

వస్త్రం చుట్టిన ఔదుంబరి

పూజయే వృక్షమునకు హాని కలిగించే సందర్భం కూడా ఉన్నది. దానిని గురించి మాట్లాడడం చాలామందికి కష్టం. అయినా మీమాంసకులు ఈ ప్రశ్నను వెనుకటికే చర్చించారు.

సోమయాగంలో సదోమండపం నడుమ 'ఔదుంబరి' అనే మేడికర్ర స్తంభమును నాటుతారు. దానిని స్పృశించి ఉద్గాత సామగానం చేయవలెనని శ్రుతి. అయితే ఆ స్తంభమును పూర్తిగా వస్త్రంతో చుట్టవలెనని ఒక స్మృతి ఉన్నది. సమగ్రంగా చుట్టితే కర్రను తాకడం ఎట్లు? ఈ విరోధం వచ్చినప్పుడు శ్రుతియే ప్రమాణమని, స్మృతి అనాదరణీయమని శబరస్వామి మీమాంసాభాష్యం మొదటి అధ్యాయంలో నిర్ణయించాడు. అంతటితో ఆగక, ఆ ఆచారమునకు మూలం వస్త్రం మీది లోభం కావచ్చునని నిర్భయంగా అన్నాడు. కుమారిలభట్టు ఈ ఉదాహరణను అంగీకరించక స్మృతిని సమర్థించడానికి ప్రయత్నించాడు. ఆ వాదం ఎట్లున్నా, అందులోని సూత్రం మాత్రం నేటికీ దీపం వంటిది. అలంకారం ఉపాస్యమును తాకనీయకుండా చేస్తే అలంకారమునే వదలవలెను.

నేటి రావిచెట్టు వస్త్రం చుట్టిన ఔదుంబరియే. దాత పేరుతో అరుగు కడతారు. మొదలును ఆనుకొని సిమెంటు, పైన నునుపు రాళ్ళు. వాననీరు వేళ్ళకు దిగదు, నేలకు గాలి ఆడదు. కాండమునకు ఆనించి దీపములు పెడతారు. నిత్యం తగిలే వేడికి బెరడు క్రింది జీవకణములు మాడి, ఆ గాయం గుండా పుట్టగొడుగులు, చెదలు ప్రవేశిస్తవి. పటములు తగిలించడానికి మేకులు కొడతారు. పూర్వం నూలుదారం వానకు చివికి పడిపోయేది. నేటి కృత్రిమదారం చివకదు, లేత కాండమును ఉరివలె బిగిస్తుంది. నూనె, పాలు, కర్పూరపు మసి మొదలుచుట్టూ పేరుకొంటవి. ఇవేవీ వేదవిహితములు కావు, ఏ వ్రతకల్పమునకూ అంగములు కావు. వీటిని విడిచినంత మాత్రాన వ్రతభంగం కలుగదు.

మరి చెట్టును ఎట్లు సేవించవలెను? మహబూబ్‌నగర్ సమీపమున ఉన్న పిల్లలమర్రి ఇందుకు ప్రత్యక్షపాఠం. సుమారు 7 శతాబ్దముల వయస్సు గలదని ప్రతీతి పొందిన ఆ మహావటం చెదలుపట్టి, కొన్ని కొమ్మలు కూలినవి. సందర్శకులను నిలిపివేసి, 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లుగా సీసాల ద్వారా చుక్కచుక్కగా క్రిమిసంహారకమును ఆ చెట్టుకు ఎక్కించారు. బరువుకు వాలిన కొమ్మలకు ఆధారములు కట్టారు. ఆ వార్తను వింతగా చదివినవారు చాలామంది. కాని వృక్షములకు చికిత్స చేయడం ఈ దేశమునకు వింత కాదు. బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే ఉన్నది. సురపాలుడు ఆ పేరుతోనే ఒక గ్రంథం వ్రాశాడు. ఆ సీసా పట్టుకొన్న ఉద్యోగి మంత్రం చదివి ఉండకపోవచ్చును. అయినా ఆనాడు ఆ చెట్టుకు జరిగినది నిజమైన అభిషేకం.

శ్రద్ధకు అసత్యం ఆధారం కారాదు

రావిచెట్టును రక్షించవలెనన్న ఆరాటంలో కొందరు ప్రవచనములలో ఒక మాట తరచుగా చెబుతున్నారు. రావిచెట్టు రాత్రింబగళ్ళు ప్రాణవాయువును ఇస్తుందని, అది ఎరిగియే ఋషులు పూజించమన్నారని. ఈ మాట నిజం కాదు. ఆకులు ప్రాణవాయువును విడుదల చేసేది కాంతిశక్తితో నీటిని విడగొట్టినప్పుడు మాత్రమే. రాత్రి వెలుగు లేదు కనుక ఆ క్రియ సాగదు. రాత్రివేళ అన్ని చెట్లవలెనే రావి కూడా శ్వాసించి ప్రాణవాయువును గ్రహిస్తుంది.

ఈ అసత్యం వలన కలిగే నష్టం చిన్నది కాదు. పాఠశాలలో జీవశాస్త్రం చదివిన బాలుడు ఒకనాడు ఇది తప్పని గ్రహిస్తాడు. అప్పుడు అతడు విడిచేది ఆ ఒక్క మాటను కాదు, దానితోపాటు చెట్టు మీది గౌరవమును, చెప్పినవారి మీది విశ్వాసమును కూడా. ఋషులకు అసత్యపు ఊతకర్ర అవసరం లేదు. ఉన్న సత్యమే చాలును. ఈ ప్రజాతి చెట్లన్నీ ఒకే ఋతువులో కాయవు. ఒకటి కాయనప్పుడు మరొకటి కాస్తుంది. అడవిలో ఇతర ఫలములు దొరకని కాలమున పక్షులకు, గబ్బిలములకు, కోతులకు ఇవే అన్నసత్రములు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టుపై రెండు పక్షులు వాలియున్నవి; ఒకటి పిప్పలఫలమును ఆరగిస్తున్నది, రెండవది తినక చూస్తున్నది. జీవేశ్వరుల తత్త్వం చెప్పదలచిన ఋషికి ఆ చెట్టు, ఆ పండు, ఆ పక్షులు నిత్యం కంటికి కనిపించినవి. నరికినచోట ఉపనిషత్తు మిగులుతుంది, అందులోని దృష్టాంతం మాత్రం పిల్లలకు అర్థం కాకుండా పోతుంది. రావి పండును పిట్ట తినడం చూడని బాలునికి ఆ మంత్రం కేవలం పదముల వరుస.

ధర్మసంకటములు

వృక్షరక్షణ ఎల్లప్పుడూ సులభమైన నిర్ణయం కాదు. రెండు సంకటములను ప్రస్తావించక తప్పదు.

మొదటిది రహదారి. హైదరాబాదు నుండి బీజాపూరు వైపు పోయే మార్గంలో చేవెళ్ళ ప్రాంతమున రోడ్డుకు ఇరువైపులా వందలాది పాత మర్రిచెట్లు తలలు కలిపి పందిరివలె నిలిచినవి. ఆ రోడ్డు ఇరుకు, వాహనములు అధికం, ప్రమాదములు వాస్తవం. విస్తరణ కావలెనన్నవారు దుష్టులు కారు. చెట్లు నిలువవలెనన్నవారు ప్రగతివిరోధులూ కారు. వివాదం జాతీయ హరిత న్యాయస్థానం వరకు వెళ్ళినది. ఇటువంటి చోట మనుష్యప్రాణమును లెక్కింపక చెట్టునే పట్టుకొనడం అహింస కాదు. కాని నరకడమే ఏకైకమార్గమని ముందుగానే నిశ్చయించి, తరువాత కారణములు వెదకడం కూడా ధర్మం కాదు. దారిని కొంత పక్కకు మళ్ళించవచ్చునా, చెట్లవరుసను రెండు దారుల నడుమ విభాజకముగా నిలుపవచ్చునా, తప్పనిసరియైన చెట్టును వేళ్ళతో పెకలించి మరొకచోట నాటి కొన్ని ఏండ్లు నీరు పోయగలరా అన్న ప్రశ్నలన్నీ అడిగిన తరువాత మాత్రమే గొడ్డలి ఎత్తవలెను. ఆపద్ధర్మం ఆఖరి మెట్టు కావలెను, మొదటి మెట్టు కారాదు.

రెండవ సంకటం ఆలయగోపురం మీద మొలిచిన రావిమొక్క. పక్షి రెట్టలోని విత్తు రాతిసందున మొలకెత్తి, వేళ్ళు దిగి, వందల ఏండ్ల శిల్పమును చీలుస్తుంది. దైవవృక్షమని పెరుకుటకు జంకి ఊరకుంటే కొన్నాళ్ళకు శిఖరమే కూలుతుంది. ఇక్కడ వివేకం కావలెను. మొక్క చిన్నదిగా ఉన్నప్పుడే వేరుతో సహా జాగ్రత్తగా తీసి నేలపై నాటితే దేవాలయము, వృక్షము రెండూ నిలుస్తవి. స్థానభ్రష్టమైన చెట్టును సుస్థానమున నిలపడం హింస కాదు. కొత్తగా నాటేవారు కూడా ఈ మాట మరువరాదు. రావి, మర్రి మొక్కలను ఇంటిగోడ పక్కన, బావి ఒరను ఆనుకొని నాటకూడదు. నేడు నాటి, ఇరవై ఏండ్లకు గోడ బీటలువారినదని నరకడం కన్న, చెరువుగట్టున, పొలిమేరన, విశాలమైన ఆలయభూమిలో నాటడం పుణ్యం.

ఆచరణ

ప్రదక్షిణ మానుమని ఎవరూ చెప్పనక్కరలేదు. దానికి నాలుగు నియమములు చేర్చుకొంటే చాలును. దీపం కాండమునకు నాలుగడుగుల దూరమున వెలగవలెను. దారం నూలుదే కావలెను, మరునాడు ఎవరో ఒకరు విప్పవలెను. అరుగు కట్టవలసి వస్తే మొదలుచుట్టూ విశాలంగా మట్టి వదలి కట్టవలెను. ఇదివరకే కట్టినచోట కొంత పగులగొట్టి నేలను తెరువవలెను. వ్రతోద్యాపన సందర్భమున ఇచ్చే దానములలో ఒక మొక్కను నాటి, మూడు వేసవులు దానికి నీరు పోసే సంకల్పమును చేర్చుకొనవలెను. మొదటి మూడింటికి శ్రద్ధ చాలును. నాలుగవదానికి తపస్సు కావలెను, ఎందుకంటే నాటినవారు ఆ చెట్టు నిండునీడను చూచేవరకు ఉండకపోవచ్చును.

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి సమీపమున తిమ్మమ్మ మర్రిమాను ఐదు ఎకరములకు దరిదాపుగా విస్తరించి, 1989లో గిన్నిస్ గ్రంథమునకు ఎక్కినది. దాని క్రింద నిలిచిన యాత్రికునికి మొదటి మొదలు ఏదో, ఊడ ఏదో పోల్చుకొనడం దుష్కరం. అంతటి వటము కూడా ఒకనాడు ఆవగింజకన్న చిన్న విత్తులో కనిపించక ఉన్నదే. ఉద్దాలకుడు కుమారునికి చూపినది ఆ కనిపించనిదానినే.

ఆ కనిపించనిదానిని తెలుసుకొనడం జ్ఞానం. కనిపించేదానిని కాపాడడం ధర్మం. లోపలి అశ్వత్థమును అసంగశస్త్రంతో నరకగలిగినవానికి బయటి అశ్వత్థమును నరకవలసిన అవసరమే రాదు.